నోరు కనబడితేనే మాట వినబడుతుంది

ఏలూరు దగ్గర ఒక వూరినుంచి ఒక సోదరి ఈ శీర్షికకి వుత్తరం రాశారు. "మా అత్తగారికి డెబ్భయ్యారేళ్ళు. కరోనా రోజులనుంచీ మనిషి మారిపోయింది. ఒకటి అడిగితే ఒకటి చెబుతుంది. నలుగురిలో కూచోదు. అన్నిటికీ తలూపుతుంది, ఏదీ చెయ్యదు. ఇది కరోనా తెచ్చిన మతిమరుపా? మందేమన్నా వుందా?" అని.

జవాబు చెబుతాను. కాని దానికి ముందు నా సంగతి చెప్పుకోవాలి. ఎందుకంటే 2020లో నేనూ ఇదే ప్రశ్న వేసుకున్నాను, తప్పు జవాబు చెప్పుకున్నాను. అప్పటికి ఎం.బి.బి.ఎస్. పాసై దాదాపు పాతికేళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి.

ఆ రోజులు తలుచుకుంటే నవ్వొచ్చేవి కొన్ని, రానివి కొన్ని. 2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి గుమ్మంలోకి వచ్చి చప్పట్లు కొట్టమన్నారు. మా వీధిలో చప్పట్లతో ఎవరికీ తృప్తి తీరలేదు. పళ్ళేలు, గరిటెలు, పూజగంటలు అన్నీ బయటికొచ్చాయి. మా అమ్మ ఇత్తడి పళ్ళెం, అట్లకాడ పట్టుకుని గేటు దగ్గర నించుంది. ఆ మోతకి పిల్లలు చెవులు మూసుకున్నారు. అయిదు నిమిషాలకి వీధంతా ఆపేసింది. అమ్మ మాత్రం ఆపలేదు. నా భార్య వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా వాయిస్తూనే వుంది. "ఈ వయసులో మామ్మగారిది ఏం హుషారండీ!" అని ఎదురింటివారు మెచ్చుకున్నారు. మేమూ మురిసిపోయాం. డాక్టరునైన నేను అక్కడే ఒక్క నిమిషం ఆలోచించి వుండాల్సింది.

మార్చి 25 నుంచి లాక్‌డౌన్. నేను మేడమీది గదికి మకాం మార్చాను. ఇంట్లో డెబ్భయి నాలుగేళ్ళ అమ్మ వుంది, నేనేమో రోజూ జ్వరాలవాళ్ళ మధ్య తిరిగేవాణ్ణి. కంచం వేరు, చెంబు వేరు, బట్టలు వేరు. "పురిటి మైల విన్నాను, చావు మైల విన్నాను, ఈ ఆస్పత్రి మైల ఏమిట్రా?" అనేది అమ్మ.

ఆ రోజుల్లో మేం చేసిన పనులు ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది. పాలపాకెట్లు సబ్బుతో కడిగేవాళ్ళం. వంకాయలు, బెండకాయలు వుప్పునీళ్ళలో నానబెట్టేవాళ్ళం. మా కాంపౌండరు ఏ.టి.ఎం. నుంచి తెచ్చిన నోట్లు ఇస్త్రీ చేశాడు. ఈ జబ్బు ఎక్కువగా గాలిలోనుంచే అంటుకుంటుంది. వస్తువుల్ని ముట్టుకోవటంవల్ల రావటం బహు తక్కువ. ఆ మాట అమెరికాలోని సి.డి.సి. 2021 ఏప్రిల్లో స్పష్టంగా చెప్పింది. అప్పటికి మా ఇంట్లో కూరగాయలు ఏడాదిపాటు స్నానాలు చేశాయి. చేతులు సబ్బుతో కడుక్కోవటం మాత్రం ఎప్పటికీ మంచిదే. ఈ వైరస్ పైపొర కొవ్వుతో అయింది కాబట్టి మామూలు సబ్బుకే అది విచ్చిపోతుంది. ఖరీదైన సబ్బు అక్కర్లేదు.

ఆస్పత్రిలో ఇంకా తమాషాలు. గేటు దగ్గర నుదుటికి పిస్తోలులాంటి థర్మామీటరు గురిపెట్టేవారు. మే నెల ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాడికి జ్వరం వున్నట్టే చూపించేది. వేపచెట్టు కింద పావుగంట కూచోబెడితే ఆ జ్వరం దానంతటదే దిగిపోయేది. ఆషాఢంలో ఒక కొత్తకోడలు వచ్చింది. వేలికి పెట్టే ఆక్సీమీటరు ఎనభయ్యారు చూపించింది. మా నర్సమ్మ హడలిపోయింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వుతూ కబుర్లు చెబుతోంది. వేళ్ళు చూస్తే ముదురురంగు గోళ్ళరంగు, దానికితోడు బజారులో దొరికే నల్లగా పండే రకం గోరింటాకు. రంగు తుడిపించి, పండని వేలు ఒకటి వెతికి పెడితే తొంభై ఎనిమిది! గోళ్ళరంగు వున్నా, వేళ్ళు చల్లబడి వున్నా ఆ పరికరం తప్పు చెప్పవచ్చు. మనిషిని చూసి పరికరాన్ని నమ్మాలిగాని, పరికరాన్ని చూసి మనిషిని కాదు.

ఇక మాస్కు! మర్యాదస్థులైన మా వూరివాళ్ళు డాక్టరుగారితో మాట్లాడాలంటే మాస్కు కిందికి దించి మాట్లాడేవారు. మరీ మర్యాదస్థులు దగ్గు వస్తే మాస్కు పక్కకి లాగి, దగ్గి, మళ్ళీ జాగ్రత్తగా పెట్టుకునేవారు. "లోపల దగ్గితే గుడ్డ పాడైపోదండీ?" అని ఒక పెద్దాయన నన్ను ఎదురు ప్రశ్న వేశాడు. పి.పి.ఇ. దుస్తులు వేసుకున్నాక మాలో ఎవరు ఎవరో మాకే తెలిసేది కాదు. వీపుమీద మార్కరుతో పేర్లు రాసుకునేవాళ్ళం. లోపల చెమట కారిపోయేది, కళ్ళజోడు మసకేసేది. అద్దాల్ని సబ్బునీళ్ళలో ముంచి ఆరబెడితే కొంత నయం. ఇప్పటికీ మాస్కు పెట్టుకునే జోడువాళ్ళకి ఈ చిట్కా పనికొస్తుంది.

ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది మాట. నాకు ఎన్-95, దానిమీద మొహానికి ప్లాస్టిక్ తొడుగు. బల్లకి అడ్డంగా ఇంకొక ప్లాస్టిక్ తెర. అవతల రోగికి మాస్కు. పైన ఫ్యాను మోత. చెప్పిందే నాలుగుసార్లు చెప్పి సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. అవతలివాళ్ళు "ఆయ్", "అలాగేనండి" అంటూ తలూపి వెళ్ళిపోయేవారు. తలూపారు కాబట్టి అర్థమైందనుకునేవాణ్ణి.

ఆగస్టులో మా తూర్పు గోదావరి జిల్లాలో కేసులు విపరీతంగా వున్న రోజులు. ఒక ముసలావిడ వచ్చింది. పదేళ్ళనుంచీ చక్కెరజబ్బు. పరీక్షలో కరోనా అని తేలింది గాని ఆయాసం లేదు, ఆక్సిజన్ బాగానే వుంది. ఇంట్లోనే వుండమన్నాను. నోటికి ఏమీ సయించటంలేదు, మూడు రోజులై మజ్జిగ తప్ప ఏమీ దిగటంలేదంది. అలాంటప్పుడు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటే రక్తంలో చక్కెర బాగా పడిపోతుంది. అందుకని గట్టిగానే చెప్పాను: "మామ్మగారూ, తిండి సరిగ్గా తినేదాకా షుగరు మాత్ర ఆపండి. రెండు రోజులయ్యాక ఓసారి చక్కెర చూపించండి." ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంది. జ్వరం మాత్రలు చీటీమీద రాసిచ్చాను.

మర్నాడు తెల్లవారకుండానే ఆటోలో తీసుకొచ్చారు. ఆవిడ మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, ఒళ్ళో పడుకోబెట్టుకుని తెచ్చింది. వొళ్ళంతా చెమటలు, సంధి ప్రేలాపన. చక్కెర చూస్తే ముప్ఫయ్యెనిమిది. నరంలోకి గ్లూకోజు ఎక్కించగానే కళ్ళు తెరిచింది. ఈ మాత్రల ప్రభావం గంటలో పోయేది కాదు, చక్కెర మళ్ళీ మళ్ళీ పడిపోతూ వుంటుంది. అందుకని ఒక రోజంతా వుంచి చూసుకున్నాం. తేరుకున్నాక అడిగాను, మాత్ర ఆపమన్నాను కదా, ఎందుకు వేసుకున్నారని.

ఆవిడ ఆశ్చర్యపోయింది. "మీరే కదండీ వాడండి అన్నారు?"

ఆపండి, వాడండి. నేను బల్లముందు కూచుని ఆ రెండు మాటలూ నాలో నేను అనుకుని చూశాను. అచ్చులు దాదాపు ఒకటే. హల్లులే తేడా. ఆ హల్లుల్నే మాస్కు మింగేసింది. చీటీ తిప్పి చూశాను. వాడవలసిన మందులన్నీ వున్నాయి. ఆపవలసిన మందు పేరు లేదు. మేం డాక్టర్లం వాడవలసినవి కాగితంమీద రాస్తాం, ఆపవలసినవి నోటితో చెబుతాం. ముప్ఫై ఏళ్ళకింద కాకినాడలో నేర్చుకున్న చదువులోగాని, తరవాత కొలువులోగాని, ఇది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు. ఆ మనవరాలు తెల్లవారుజామున లేవకపోతే ఆవిడ నా చేతుల్లో పోయినట్టే.

ఆ రోజునుంచీ ఎర్రసిరా పెన్ను ఒకటి జేబులో పెట్టుకుంటున్నాను. ఆపవలసిన మందు ఎర్రసిరాతో రాసి, "ఆపాలి" అని పక్కన రాసి, ఆ మాత్రల అట్టమీద కూడా అడ్డంగా గీత గీస్తాను. చదువు రానివారికి ఆ గీత చాలు. పంపించేముందు "నేనేం చెప్పానో మీరు చెప్పండి" అని అడుగుతాను. మీరూ ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ఆయన అడక్కపోయినా, మీకు అర్థమైంది ఒకసారి పైకి చెప్పి చూడండి. విసుక్కుంటే విసుక్కోనీండి.

అప్పటికి ఇంట్లో నాకొక దిగులు వుంది. రోజూ సాయంత్రం స్నానం చేసి, మాస్కు కట్టుకుని మేడమెట్ల మీద నించునేవాణ్ణి. అమ్మ కింద వరండాలో కుర్చీ వేసుకుని కూచునేది. అయిదారు గజాల దూరం. "ఏం కూర వండారమ్మా?" అంటే "తొమ్మిదయింది" అనేది. "కాళ్ళ వాపు తగ్గిందా?" అంటే "పంపించాను నాయనా" అనేది. ఎక్కువసార్లు ఏమీ చెప్పకుండా నవ్వి "అలాగే" అనేది. మే నెలనుంచీ మాట్లాడటమే తగ్గించేసింది. టీవీ ముందు కూచోవటం మానేసింది. నేనూ నా భార్యా ఫోనులో మంతనాలు చేసుకున్నాం. ఆవిడ కింద, నేను మేడమీద. డిమెన్షియా మొదలైందని నిర్ధారణ చేసుకున్నాను. ఒక రోజు మెట్లమీదనుంచే పరీక్ష కూడా పెట్టాను. ఇవాళ ఏ వారం? ఏ నెల? నూటిలోంచి ఏడు తీస్తే ఎంత? ఒక్కదానికీ సరైన జవాబు రాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పరీక్ష పెట్టినవాడి మూతికి గుడ్డ వుందన్న సంగతి పరీక్ష రాసినవాళ్ళకి తెలుసు, పెట్టినవాడికి తెలీలేదు.

ఆపండి-వాడండి జరిగిన మర్నాటి సాయంత్రం మెట్లు దిగి, పెరట్లో బావి అవతలికి వెళ్ళాను. ఆరుబయట, మంచి గాలి. అమ్మ వరండాలో వుంది. మాస్కు తీసేశాను. గొంతు పెంచలేదు. "అమ్మా, ఇవాళ ఏ వారం?"

"బుధవారం. నీకేమన్నా మతిపోయిందా? అయిదు రోజుల్లో ఏం వారమో రెండుసార్లు అడిగావు" అంది. ఆ తరవాత తిథి చెప్పింది, నక్షత్రం చెప్పింది, నూటిలోంచి ఏడు తీసి తొంభై మూడంది, అందులోంచి మళ్ళీ ఏడు తీసింది. "ఇన్నాళ్ళకి మొహం కనిపించింది. నోరు కనబడకపోతే మాట నాకెట్లా తెలుస్తుందిరా?" అంది.

ఎన్నాళ్ళనుంచి ఇలా అని అడిగాను. కొంతసేపు చెప్పలేదు. మీ నాన్నగారు వున్నప్పటినుంచీ అంది. నాన్నగారు పోయింది 2013లో. అంటే ఏడేళ్ళకి పైగా అమ్మ మా పెదవులు చూసి మాట అందుకుంటోంది. పళ్ళెం మోత ఆగిపోయిన సంగతి ఆవిడకి తెలీలేదు, అంతే. మేం ఎవరం కనిపెట్టలేదు. "మీ నాన్నగారు ఆఖర్న ఏదో అన్నారురా. చీకటిగా వుంది, మొహం అటు తిరిగి వుంది. నేను అలాగే అన్నాను. ఏమన్నారో ఇప్పటికీ తెలీదు. మీరంతా వున్నారు కదా అని మళ్ళీ అడగలేదు" అంది.

నేను ఆ రాత్రి ఆ గదిలోనే వున్నాను. నేనూ వినలేదు.

ఇప్పుడు సంగతి వివరిస్తాను. వయసుతోపాటు వచ్చే చెవుడు లోపలి చెవిలోని సన్నని రోమకణాలు నశించటంవల్ల వస్తుంది. అవి మళ్ళీ పుట్టవు. ముందుగా పోయేవి హెచ్చుస్థాయి శబ్దాలు. స, శ, త, క వంటి హల్లుల పదును ఆ శబ్దాల్లోనే వుంటుంది. ఆ, ఓ వంటి అచ్చులు దిగువస్థాయివి, అవి చాలాకాలం వినబడతాయి. కనుకనే ఈ చెవుడు వున్నవారు "వినబడుతోంది గాని మాట తెలీటంలేదు" అంటారు. అది అక్షరాలా నిజం. మాస్కు గుడ్డ అడ్డుకునేవీ ముఖ్యంగా ఆ హెచ్చుస్థాయి శబ్దాలే. చెవి పోగొట్టినదాన్నే మాస్కు మళ్ళీ పోగొట్టింది. ఆదుకునే పెదవుల్ని కూడా మూసేసింది. కరోనా ఎంతోమంది ముసలివాళ్ళకి కొత్త చెవుడు తేలేదు. వున్న చెవుడుని బయటపెట్టింది.

ఇంకొక చిక్కు వుంది. ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు మగవాళ్ళవాటికన్నా హెచ్చుస్థాయిలో వుంటాయి. కొడుకు మాట అందుతుంది, కోడలు మాట అందదు. కోడలు కావాలని గొణుగుతోందని అత్తగారు అనుకుంటుంది. కావాలని వినిపించుకోవటంలేదని కోడలు అనుకుంటుంది. "తనకి కావలసినవన్నీ వినబడతాయి" అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో! మా ఇంట్లోనూ విన్నాను. ఆ మాట అన్నది ఎవరో రాస్తే నాకు ఈ పూట భోజనం వుండదు.

ఇక ఏలూరు సోదరికి. అమ్మా, కరోనా తరవాత కొంతమందిలో మతిమరుపు, మెదడు మందగించినట్టు వుండటం నిజమే. థైరాయిడు, బి-12 లోపం, దిగులు కూడా ఇలాగే కనిపిస్తాయి. కాని అన్నిటికన్నా ముందు మీ అత్తగారి చెవులు చూపించండి. ఒక్కోసారి గుబిలి గట్టిపడి అడ్డంపడటమే కారణం కావచ్చు. డాక్టరు దాన్ని తీసేస్తే సరిపోతుంది. మీరు మాత్రం అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టకండి, వేడినూనె పొయ్యకండి. గుబిలి కాకపోతే ఆడియోగ్రామ్ తీయించండి. గదిలో కూచోబెట్టి శబ్దాలు వినిపించి కాగితంమీద గీతగా గీస్తారు, నొప్పి వుండదు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల చెవి-ముక్కు-గొంతు విభాగంలో తీస్తారు. వినికిడియంత్రం అవసరమైతే, పేదవారికి కేంద్ర ప్రభుత్వ పథకాలు వున్నాయి. అర్హులైన వృద్ధులకి యంత్రాలిచ్చే వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. ఆలస్యం చెయ్యకండి. డిమెన్షియా కారణాల్లో మనం జాగ్రత్తపడగలిగినవి పన్నెండని 2020లో లాన్సెట్ పత్రిక నియమించిన సంఘం లెక్కవేసినప్పుడు, వాటిలో వినికిడిలోపం కూడా వుంది. మాట అందనివారు మనుషులకి దూరమవుతారు. ఆ దూరం మెదడుకి మంచిది కాదు.

ఈలోగా మీరు చెయ్యగలిగింది వుంది. అరవకండి. అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు అలాగే వుంటాయి, పైగా కోప్పడ్డట్టు వుంటుంది. ఆవిడ ఎదురుగా, వెలుతురు మీ మొహంమీద పడేట్టు నించుని, కొంచెం నెమ్మదిగా చెప్పండి. వంటింట్లోంచి పిలవకండి. టీవీ కట్టేసి మాట్లాడండి. అందకపోతే అదే మాట మళ్ళీ అనకుండా వేరే మాటలో చెప్పండి.

మా అమ్మకి యంత్రం 2021 జనవరిలో పెట్టించాం. వెంటనే అంతా బాగుపడిపోయిందని చెప్పను. మొదటి నెల "గిన్నెల చప్పుడు తలలో కొడుతోంది" అని తీసి తమలపాకుల పెట్టెలో పెట్టేసేది. మెదడు మరిచిపోయిన చప్పుళ్ళని మళ్ళీ నేర్చుకోవాలి, రోజుకి గంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. దానికితోడు మాస్కు తాడు, కళ్ళజోడు కాడ, యంత్రం, మూడూ ఒకే చెవికి. మాస్కు లాగినప్పుడల్లా యంత్రం వూడి పడేది. ఒకసారి బట్టలు నానబెట్టిన బకెట్లో వెతికాం. దొరికింది మాత్రం పూలసజ్జలో.

పెట్టించిన మొదటిరోజు ఇంటికి వచ్చి, హాల్లో కూచుని చుట్టూ చూసి, "గడియారం ఎప్పుడు బాగుచేయించావురా?" అని అడిగింది. అది నాన్నగారు కొన్న గోడగడియారం. ఎన్నడూ పాడవలేదు. ఆగిపోయిందని అమ్మ ఏడేళ్ళుగా దానివంక చూడటమే మానేసింది.

ఇప్పుడు ఆవిడకి దానిమీద ఒకటే ఫిర్యాదు. పన్నెండింటికి పదకొండు గంటలే కొడుతోందిట. కిందటి ఆదివారం కూచుని నేనూ లెక్కపెట్టాను. నిజమే.